చంటిపిల్లలతో డిస్నీల్యాండ్: ఏ అప్పు మేలని అడిగే ముందు చూడాల్సిన లెక్క

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి రూ.78 వేలు వస్తుంది. పాప పుట్టాక నా భార్య ఉద్యోగం మానేసింది. బాబుకు 2 సంవత్సరాల 9 నెలలు, పాపకు 7 నెలలు. డిసెంబరులో బాబు మూడో పుట్టినరోజుకు హాంకాంగ్ డిస్నీల్యాండ్ వెళ్లాలనుకుంటున్నాం. ఐదు రోజుల ప్యాకేజీకి ట్రావెల్ ఏజెంటు రూ.4 లక్షలు చెప్పాడు. బ్యాంకు యాప్‌లో 14 శాతం వడ్డీకి, మూడేళ్లకు రూ.4 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది. ఇంట్లో 8 తులాల బంగారం ఉంది. పొదుపు ఖాతాలో రూ.1.10 లక్షలు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా రూ.3 లక్షలకు ఉంది. అద్దె రూ.19,000, కారు ఈఎంఐ రూ.14,500 (ఇంకా 20 నెలలు), మిగతా ఇంటి ఖర్చులు రూ.28,500. పాపకు రెండేళ్లు దాటితే విమానంలో సీటు కొనాలి కాబట్టి ఇప్పుడే వెళ్తే కలిసొస్తుందని అందరూ అంటున్నారు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, గోల్డ్ లోనా?

జవాబు: రెండూ వద్దు. ఈ డిసెంబరు ప్రయాణం మానుకోండి. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందులోని ‘ఇప్పుడే వెళ్తే కలిసొస్తుంది’ అన్న మాట కోసమే. పిల్లలకు టికెట్ లేని వయసులోనే తిరిగి రావాలన్న తొందరలో ఎన్నో యువ జంటలు అప్పు చేస్తున్నాయి. టికెట్ మీద మిగిలేదెంతో లెక్కేస్తారు కానీ, అప్పు మీద పోయేదెంతో వేయరు.

ముందు మిగిలేది చూద్దాం. రెండేళ్లలోపు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సాధారణంగా పెద్దల ఛార్జీలో పదో వంతు, పైన పన్నులు కడితే సరిపోతుంది. రానుపోను టికెట్ రూ.30 వేలనుకుంటే పాప మీద మీకు మిగిలేది పాతిక వేల చిల్లర. పార్కు సంగతి వేరు. హాంకాంగ్ డిస్నీల్యాండ్‌లో మూడేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. పాపకు ఆ వెసులుబాటు ఇంకా రెండేళ్లకు పైగానే ఉంది. బాబుకేమో మూడు నిండిన రోజు నుంచే పిల్లల టికెట్ కొనాలి. అంటే మీరు ఎంచుకున్న పుట్టినరోజే అతని ఉచిత ప్రవేశం ముగిసే రోజు. విమానంలోనూ అతనికి ఇప్పటికే సీటు కావాలి.

ఇక పోయేది. రూ.4 లక్షలు, 14 శాతం, 36 నెలలు. ఈఎంఐ రూ.13,671 పడుతుంది. మొత్తం చెల్లించేది రూ.4.92 లక్షలు. అంటే వడ్డీ ఒక్కటే రూ.92 వేలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే మరో రూ.9,440. దాన్ని ముందే కోసుకుని ఇస్తారు కాబట్టి మీ ఖాతాలో పడేది రూ.3,90,560 మాత్రమే. పాతిక వేలు మిగుల్చుకోవడానికి లక్ష పైచిలుకు పోగొట్టుకోవడం ఏ లెక్కన కలిసిరావడం?

దీనికన్నా పెద్ద ప్రమాదం నెలవారీ లెక్కలో ఉంది. ఇప్పుడు మీ ఖర్చు రూ.62,000, మిగులు రూ.16,000. కొత్త ఈఎంఐ వచ్చి చేరితే నెలకు మిగిలేది రూ.2,329. పాపకు ఒక్కసారి జ్వరం వచ్చి డాక్టరు ఫీజు, రక్త పరీక్షలు, మందులు కొంటే ఆ నెల మిగులు అయిపోయినట్టే. కారు అప్పు తీరేదాకా, అంటే 20 నెలలు, ఆ పరిస్థితిలోనే ఉండాలి. ఈలోపు బాబును బడిలో చేర్చాలి, దానికి డొనేషనో టర్మ్ ఫీజో కట్టాలి. అప్పుడు క్రెడిట్ కార్డు బయటికి తీస్తారు. కార్డు బకాయి మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది. కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయేది ఎక్కువగా ఇలాగే. ఒక్క పెద్ద అప్పు చేసి చేతిలో పైసా లేకుండా ఉన్నప్పుడు, చిన్న ఖర్చులకు మళ్లీ మళ్లీ చేసే అప్పులతో.

అందుకే ముందు అత్యవసర నిధి, అంటే ఆపదకని పక్కన పెట్టే డబ్బు, ఉండాలంటున్నాను. మీ ఇంట్లో సంపాదించేది ఒక్కరు, ఆధారపడ్డవారు ముగ్గురు, అందులో ఇద్దరు పసివాళ్లు. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలన్న మాట మీకు వర్తించదు. ఆరు నెలలది కావాలి, అదీ కారు ఈఎంఐతో కలిపి. ఉద్యోగం పోయినా ఈఎంఐ ఆగదు కదా. ఆరు నెలలకు రూ.3.72 లక్షలు. మీ దగ్గరున్న రూ.1.10 లక్షలు రెండు నెలలకు కూడా చాలవు. దాన్ని మీరు ‘పొదుపు’ అంటున్నారు, ఏజెంటుకు అడ్వాన్సుగా ఇవ్వాలని కూడా చూస్తుండవచ్చు. ఇప్పటికి మీకున్న అత్యవసర నిధి అదే. తాకకండి.

బీమా ఉంది కదా అంటారేమో. చంటిపిల్లల ఖర్చుల్లో చాలా భాగం బీమా పరిధిలోకి రాదు. ఓపీ చికిత్సకు, టీకాలకు, ఆసుపత్రిలో చేర్చే ముందు అడిగే డిపాజిట్‌కు, క్లెయిములో కోత పడే గ్లవ్స్, డైపర్ల లాంటి వాటికి చేతి డబ్బే ఖర్చవుతుంది. నగదు రహిత చికిత్స కోరితే బీమా సంస్థ గంటలోగా స్పందించాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. అయినా రాత్రి పదకొండింటికి పాపను ఎత్తుకుని క్యాజువాలిటీకి వెళ్లినప్పుడు కౌంటర్‌లో డబ్బు అడగరని నమ్మకం పెట్టుకోలేం. పైగా మీకున్నది కంపెనీ పాలసీ. ఉద్యోగం మారినా పోయినా అదీ పోతుంది.

కాబట్టి మొదటి రెండు నెలల మిగులును ప్రీమియంలకు వాడండి. నలుగురికీ కలిపి రూ.10 లక్షల ఆరోగ్య బీమా (ఫ్యామిలీ ఫ్లోటర్), మీ పేరున రూ.1 కోటి టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి. రెండింటికీ ఏడాదికి సుమారు రూ.34 వేలు అనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. ఫ్లోటర్‌లో తొలి 30 రోజులు ప్రమాదాలకు తప్ప రక్షణ ఉండదు కాబట్టి ఆలస్యం చేయకండి. ఇవి తీసుకోకుండా హాంకాంగ్ ఊసే ఎత్తవద్దు.

బంగారం విషయం. వడ్డీ కాస్త తక్కువే, నిజం. కానీ రేపు నిజంగా ఆపద వస్తే గంటలో డబ్బు తెచ్చిపెట్టేది ఆ 8 తులాలే. దాన్ని విహారానికి కుదువ పెడితే ఆపదలో పెట్టడానికి ఏమీ ఉండదు. ఏడాది తర్వాత అసలు, వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతి ఎంచుకుని, గడువుకు డబ్బు కూడక నగలు వేలానికి పోగొట్టుకున్నవాళ్లు తక్కువ కాదు. పీఎఫ్ జోలికి పోవద్దు. చిట్టీ ముందే పాడుకోవడం కూడా అప్పే.

మీరు సెప్టెంబరు నుంచి మొదలుపెడితే ఎలా నడుస్తుందో చూడండి. ఏటా మార్చిలో బోనస్ వస్తుందో లేదో మీరు రాయలేదు. రూ.60 వేలు వస్తుందనుకుని లెక్కేశాను. రాకపోతే గడువులు ఆ మేరకు వెనక్కి జరుగుతాయి. సెప్టెంబరు, అక్టోబరు మిగులు ప్రీమియంలకు పోతుంది. నవంబరు నుంచి నెలకు రూ.16 వేలు, మధ్యలో బోనస్, అక్టోబరులో మళ్లీ ప్రీమియం తీసేస్తే 17వ నెలకు అత్యవసర నిధి నిండుతుంది. ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచకండి. యూపీఐకి కలపని వేరే బ్యాంకులో సగం స్వీప్ డిపాజిట్‌గా (అవసరమైతే ఖాతాలోంచే తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (తేలిగ్గా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టండి. భార్యాభర్తలిద్దరూ తీయగలిగేలా ఉమ్మడి ఖాతా ఉండాలి. మీరే ఆసుపత్రిలో ఉంటే ఆమె చేతికి డబ్బు అందాలి.

20 నెలలకు కారు అప్పు తీరుతుంది. ఆ రూ.14,500 ఖర్చుల్లో కలిసిపోకుండా, తర్వాతి నెల నుంచే అదే తేదీన ‘ప్రయాణం’ పేరుతో తెరిచిన రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా చేయండి. రెండేళ్ల తర్వాతి నవంబరుకు మిగులు, బోనస్, కారు డబ్బు కలిపి ప్రయాణ నిధి దాదాపు రూ.2.90 లక్షలు అవుతుంది. జీతం పెరుగుదలను ఇందులో కలపలేదు. అది బాబు బడి ఫీజుకు వదిలేయండి.

ఆ డిసెంబరుకు బాబుకు సరిగ్గా ఐదేళ్లు, పాపకు 2 సంవత్సరాల 10 నెలలు. పాపకు పార్కు ప్రవేశం అప్పటికీ ఉచితమే. బాబుకు జరిగే మేలు ఇంకా పెద్దది. మూడేళ్ల పిల్లవాడి ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. అక్కడి రైడ్లలో హైపర్‌స్పేస్ మౌంటెన్‌కు 102, బిగ్ గ్రిజ్లీ మౌంటెన్‌కు 112, ఆర్‌సీ రేసర్‌కు 120 సెంటీమీటర్లు ఉండాలి. కొలబద్ద దగ్గర నిలబెట్టి, తక్కువుంటే వెనక్కి పంపేస్తారు. ఎంత బతిమాలినా లాభం లేదు. ఈ డిసెంబరులో వెళ్తే అతను ఎక్కగలిగేది డంబో, రంగులరాట్నం, స్మాల్ వరల్డ్ పడవ, విన్నీ ద పూ లాంటివే. ఐదేళ్లకు 102 దాటే ఉంటాడు. అన్నిటికన్నా ముఖ్యంగా అతనికి గుర్తుంటుంది.

అప్పటి బడ్జెట్‌కు కొన్ని మాటలు. ప్యాకేజీ కొనకండి, విడివిడిగా బుక్ చేసుకోండి. ప్యాకేజీలో రోజుకు మూడు చోట్లు తిప్పుతారు, చంటిపిల్లలు రెండో చోటికే అలసిపోయి ఏడుపు అందుకుంటారు. పైగా విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. రిటర్నులో తిరిగి వచ్చేదే అయినా అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. పార్కు టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది. క్రిస్మస్ వారం వదిలేసి డిసెంబరు తొలి పనిదినాలు చూడండి. ఒక్క రోజు టికెట్‌తో పొద్దున్నుంచి బాణసంచా దాకా లాగాలని చూస్తే మధ్యాహ్నం రెండింటికే పిల్లలు చేతులెత్తేస్తారు. రెండు రోజుల టికెట్ ధర రెండు ఒక రోజు టికెట్ల కన్నా తక్కువే. మొదటి రోజు గేటు తీసే వేళకు వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చేయండి. రెండో రోజు మధ్యాహ్నం నిద్ర అయ్యాక వెళ్లి రాత్రి దాకా ఉండండి.

పార్కు హోటల్ అక్కర్లేదు. తుంగ్ చుంగ్ ప్రాంతంలో గది తీసుకుంటే మెట్రోలో తర్వాతి స్టేషనే సన్నీ బే, అక్కడ మారితే డిస్నీల్యాండ్. మూడేళ్లలోపు పిల్లలకు మెట్రోలోనూ టికెట్ లేదు. స్ట్రోలర్ ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, అక్కడ అద్దె రోజు లెక్కన పడుతుంది. కార్డు మెషిన్ రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, హాంకాంగ్ డాలర్లలోనే చెల్లించండి.

రూ.2.90 లక్షల్లో ఖర్చుకు రూ.2.50 లక్షలే కేటాయించండి. మిగతా రూ.40 వేలు పసిపిల్లలతో వెళ్తున్నందుకు వేరుగా ఉంచాల్సిన డబ్బు. బయల్దేరే ముందు రోజు వాంతులో విరేచనాలో పట్టుకోవడం ఈ వయసులో మామూలే. ప్రయాణ బీమా ఉన్నా, మామూలు జ్వరానికి ప్రయాణం మానుకుంటే చాలా పాలసీలు చెల్లించవు, ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. అప్పుడు తేదీ మార్చుకునే ఛార్జీ, కొత్త ధరతో తేడా ఈ డబ్బులోంచే కట్టాలి. తక్కువకు వస్తున్నాయని వాపసు లేని టికెట్లు, హోటళ్లు కొనకండి. విమానానికి తేదీ మార్చుకునే వీలున్న ఛార్జీ, హోటల్‌కు ఉచిత రద్దు ఉన్న గది తీసుకోండి. ఒకటి రెండు వేలు ఎక్కువైనా ఫర్వాలేదు. హాంకాంగ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ స్థానికేతరులకు రుసుము చాలా ఎక్కువ కాబట్టి నలుగురికీ ప్రయాణ బీమా తప్పనిసరి. అత్యవసర నిధి మాత్రం ఈ లెక్కల్లోకి రాకూడదు. ప్రయాణం నుంచి తిరిగొచ్చిన రోజున కూడా అందులో రూ.3.72 లక్షలు అలాగే ఉండాలి.

పాప పాస్‌పోర్టు పని ముందే చూసుకోండి. చాలామంది జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు ఉండనే ఉండదు. మున్సిపల్ కార్యాలయంలో పేరు ఎక్కించుకున్నాకే దరఖాస్తు చేయాలి, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనెక్షర్-డి అనే ధ్రువీకరణ పత్రం జతచేయాలి. హాంకాంగ్ వెళ్లే భారతీయులు ముందస్తు ఆన్‌లైన్ నమోదు చేసుకోవాలి. అది ఉచితమే కానీ పిల్లలకు కూడా విడివిడిగా కావాలి. ఆ అనుమతి చేతికొచ్చాకే టికెట్లు కొనండి.

పిల్లల కోసం అంతవరకూ ఆగడం మీకు కష్టంగా ఉంటే ఈ పుట్టినరోజుకు రావిర్యాల వండర్‌లాకు వెళ్లండి. అక్కడ 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు కాబట్టి పాపకు ఖర్చుండదు. క్యూలో బాబు ఎంతసేపు ఓర్చుకుంటాడో, పాప పాలకూ నిద్రకూ మధ్య మీకు ఎన్ని గంటలు దొరుకుతాయో ఒక్క రోజులో తెలిసిపోతుంది. ఖర్చు నెల మిగులులోనే సరిపోతుంది.

ఏజెంటుకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే రద్దు నిబంధనలు ఈ రోజే చదవండి. ప్రయాణ తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది. రూ.20 వేలు పోయినా రద్దు చేసుకోండి, లోన్ వడ్డీతో పోలిస్తే అది ఐదో వంతే. యాప్‌లోని ప్రీ-అప్రూవ్డ్ ఆఫర్‌ను నొక్కకండి. కొన్ని యాప్‌లలో రెండు మూడు ఓటీపీలతోనే డబ్బు ఖాతాలో పడిపోతుంది, తర్వాత వద్దనుకున్నా ప్రాసెసింగ్ ఫీజు వెనక్కి రావడం కష్టం.