టెక్ సందేహాలు: కియాంతీ వైన్ టూర్‌కి ఫోన్‌ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

ఇటలీలో ఫ్లోరెన్స్, సియేనా నగరాల మధ్య ఉన్న కియాంతీ కొండల్లో వైనరీలు చూడటానికి ఆరుగురు స్నేహితులు వెళ్తున్నారు. సెప్టెంబరు చివర్లో, ద్రాక్ష కోతల సమయంలో ప్రయాణం. రెండు కార్లు అద్దెకు తీసుకుంటారట. వాళ్లు పంపిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని ముందుకు తెస్తున్నాను.

ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే బ్రెత్ అనలైజర్ కొందామనుకుంటున్నాం. టేస్టింగ్ అయ్యాక అందరం ఊది చూసుకుని, ఎవరికి తక్కువ వస్తే వాళ్లు కారు నడుపుతారు. ఏ మోడల్ మంచిది?

ఈ పనికోసమైతే ఏదీ కొనొద్దు. ఎంత మంచి పరికరమైనా ఊదిన ఆ క్షణంలో పరిస్థితి ఏమిటో మాత్రమే చెబుతుంది. మీకు కావాల్సింది తర్వాతి గంటలో ఎలా ఉంటుందనేది. చివరి గుక్క తాగాక కూడా రక్తంలో ఆల్కహాల్ కాసేపు పెరుగుతూనే ఉంటుంది. కడుపునిండా తిని ఉంటే గరిష్ఠ స్థాయికి చేరడానికి గంట దాటొచ్చు. వైనరీ గేటు దగ్గర లీటరు రక్తానికి 0.4 గ్రాములు చూపించిన మనిషి కొండ దిగేసరికి 0.5 దాటిపోవచ్చు. ఇంకోవైపు, తాగిన వెంటనే ఊదితే నోట్లో మిగిలిన వైన్ వల్ల రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. అందుకే కనీసం 15 నిమిషాలు ఆగి ఊదమంటారు. చౌక రకాల్లో ఉండే సెమీకండక్టర్ సెన్సర్లు ఫ్యూయల్ సెల్ సెన్సర్లంత నమ్మదగినవి కావు.

ఇటలీలో చట్టం అనుమతించేది లీటరు రక్తానికి 0.5 గ్రాముల వరకే. 21 ఏళ్లు నిండనివారికి, లైసెన్స్ వచ్చి మూడేళ్లు కానివారికి అది కూడా లేదు, పూర్తిగా సున్నా. పైగా కియాంతీ రోడ్లన్నీ మలుపులే.

ఎవరు నడపాలో తాగాక తేల్చుకునే పద్ధతి వదిలేయండి. బయల్దేరకముందే ఒక షేర్డ్ క్యాలెండర్‌లో ఏ రోజు ఏ కారు ఎవరిదో రాసేసుకోండి. ఆ రోజు వాళ్లు వైన్ ముట్టరు. అందరికీ రుచి చూడాలని ఉంటే డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకోవడమే మంచిది. ఆరుగురు పంచుకుంటే ఖర్చు మరీ భారం కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం పొదుపు చూసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

కొండల్లో సిగ్నల్ లేకపోతే మ్యాప్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. వైఫై ఉన్నప్పుడే గూగుల్ మ్యాప్స్‌లో ఫ్లోరెన్స్ నుంచి సియేనా వరకు ఉన్న ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఆఫ్‌లైన్‌లో కారు దారి చూపిస్తుంది కానీ అప్పటికప్పుడు ఉన్న ట్రాఫిక్ తెలియదు, నడక దారి రాదు.

మ్యాప్‌ని దాని మానాన వదిలేస్తే త్వరగా వెళ్లే హైవే ఎక్కిస్తుంది, తోటలు చూసే అవకాశం పోతుంది. మీకు కావాల్సింది ఎస్ఆర్ 222, అంటే కియాంతిజానా అనే పాత రోడ్డు. గ్రేవే, పంజానో, కాస్తెల్లీనా ఊళ్లను మధ్యలో స్టాప్‌లుగా కలిపితే ఆ దారినే చూపిస్తుంది. వైనరీ పేరు టైప్ చేసి వెళ్లిపోకుండా, బుకింగ్ చేసేటప్పుడే లొకేషన్ పిన్ పంపమని అడగండి. చాలా తోటలకు చివర్లో తెల్లని మట్టిరోడ్డే ఉంటుంది. ఏ వైపు నుంచి రావాలో వాళ్లకే బాగా తెలుసు.

అసలు టెన్షన్ కొండల్లో కాదు, నగరాల్లో. ఫ్లోరెన్స్, సియేనా పాత బస్తీల్లో జెడ్‌టీఎల్ అనే పరిమిత ట్రాఫిక్ జోన్లు ఉన్నాయి. తెల్లని వృత్తం చుట్టూ ఎర్రని అంచు ఉన్న బోర్డు కనిపిస్తే, అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. అక్కడ ఆపడానికి ఎవరూ ఉండరు, కెమెరా నంబర్ ప్లేట్ ఫొటో తీసుకుంటుంది. జరిమానా కొన్ని నెలల తర్వాత ఇంటికి రావచ్చు. మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు కారు అద్దె సంస్థ వేరే ఫీజు కూడా వేయొచ్చు. జోన్ లోపలికి వెళ్లకుండా మ్యాప్ ఆపుతుందనుకోకండి. కారు బయటే పార్క్ చేసి నడవండి. హోటల్ జోన్ లోపలే ఉంటే మీ కారు నంబర్ నమోదు చేయించగలరేమో ముందే కనుక్కోండి.

ఖర్చులు పంచుకోవడానికి ఏ యాప్ వాడాలి?

స్ప్లిట్‌వైజ్ సరిపోతుంది. యూరోల్లోనే రాసుకోవచ్చు. ఉచిత వెర్షన్‌లో రోజుకి నమోదు చేయగల ఖర్చులకు పరిమితి ఉంది కాబట్టి చిన్నచిన్నవి కలిపి రాయండి. టేస్టింగ్ ఫీజుని మాత్రం ఆరుగురికీ సమానంగా పంచకండి, ఆ రోజు కారు నడిపినవాళ్లని ఆ లెక్కలోంచి తీసేయండి. కార్డు మెషీన్ మీ దేశపు కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే యూరోనే ఎంచుకోండి. లేదంటే మారకం రేటులో నష్టపోతారు.

మాలో ఇద్దరు శాకాహారులు. సీసా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వైన్‌లో ఏం కలిపారో తెలుస్తుందా?

కొంతవరకే. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్లకు పదార్థాల జాబితా, పోషక వివరాలు ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ నియమం పెట్టింది. పూర్తి జాబితాని క్యూఆర్ కోడ్ ద్వారా ఇవ్వొచ్చు. ఆ పేజీలో ప్రకటనలు ఉండకూడదు, స్కాన్ చేసినవారి సమాచారం సేకరించకూడదు. ఈ నిబంధన నాకు చాలా నచ్చింది. అంతకుముందు తయారైన సీసాల మీద మాత్రం ఈ కోడ్ ఉండాలని లేదు. కియాంతీ క్లాసికో రిసెర్వా రకాన్ని కనీసం 24 నెలలు ఉంచాకే అమ్ముతారు కాబట్టి పాత సీసాలు ఇంకా కనిపిస్తుంటాయి.

మీ ప్రశ్నకి అసలు అడ్డంకి వేరే ఉంది. వైన్ తేటపడటానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల నుంచి తీసిన కేసిన్, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ లాంటివి వాడతారు. గుడ్డు, పాలు అలర్జీ కలిగించేవి కాబట్టి వాటి ఆనవాళ్లు మిగిలితే లేబుల్ మీద రాయాలి. జెలటిన్‌ని తయారీలో సాయపడే పదార్థంగానే చూస్తారు, జాబితాలో రాయాల్సిన పని లేదు. అందుకని జాబితాలో లేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. సీసా మీద వీగన్ అన్న గుర్తు ఉందేమో చూడండి, లేకపోతే వైనరీవాళ్లనే అడగండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఇటాలియన్, తెలుగు భాషలు రెండూ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే, సిగ్నల్ అందని నేలమాళిగలో కూడా ఆ ప్రశ్న టైప్ చేసి చూపించవచ్చు.