స్టీరింగ్ వణుకు: సామాను మార్చే ముందు

బిడ్డా,

ఫోన్‌లో నువ్వు చెప్పినప్పటి నుంచి నా ధ్యాసంతా నీ బండి మీదే ఉంది. చౌటుప్పల్ దాటి స్పీడు 90కి రాగానే స్టీరింగ్ చేతుల్లో గడగడలాడుతోందన్నావు. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణం సరిచేయడం, చేయించినా తగ్గలేదన్నావు. ఇప్పుడేమో షాపువాళ్లు ముందు చక్రాల సస్పెన్షన్ సామానంతా మార్చాలంటున్నారు, ఏం చేయమంటావు పెద్దనాన్నా అని అడిగావు. అప్పుడే ఒప్పుకోకు. వణుకు ఎప్పుడు వస్తోందో, ఎక్కడ తెలుస్తోందో తేలకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వొద్దు. డిపోలో బస్సుల కింద, తర్వాత మన షెడ్డులో కార్ల కింద పనిచేసినన్నాళ్లూ నేను పట్టుకున్న పద్ధతి ఇదే.

అలైన్‌మెంట్‌తో తగ్గకపోవడంలో వింతేమీ లేదు. అలైన్‌మెంట్ చెడితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది, నేరుగా పోతున్నా స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. ఒక స్పీడు దగ్గర మొదలై వణికించడం మాత్రం ఎక్కువగా బ్యాలెన్సింగ్ చెడినప్పటి, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా లేనప్పటి లక్షణం. రెండూ ఒకే షాపులో పక్కపక్కనే చేస్తారు కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు.

ఆదివారం వచ్చేటప్పుడు పొద్దున్నే బయల్దేరు. పక్కన తమ్ముణ్ని కూర్చోబెట్టుకో. రాసుకునే పని వాడిది, నీ చూపు రోడ్డు మీదే ఉండాలి. పంతంగి టోల్‌గేటు దాటాక రోడ్డు సాఫుగా, ఖాళీగా ఉన్నచోట 60 నుంచి మెల్లగా పెంచుకుంటూ పో. బోర్డు మీద ఉన్న స్పీడు దాటొద్దు. వణుకు ఏ స్పీడులో మొదలైంది, ఎక్కడ గట్టిగా ఉంది, ఇంకాస్త పెంచితే తగ్గిందా, ఇవన్నీ వాడు రాయాలి. 80, 90 మధ్య మొదలై 100 దగ్గర బాగా పెరిగితే నా మొదటి అనుమానం చక్రాల బ్యాలెన్సింగ్ మీదే. చేతులకు ఎక్కువ తెలిస్తే ముందు చక్రాలు చూడాలి. స్టీరింగ్ నిమ్మళంగా ఉండి సీటు, కాళ్ల కింద ఫ్లోరు అదిరితే వెనక చక్రాలు చూడాలి.

వణుకుతున్న స్పీడులోనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి చూడు. వెంటనే తగ్గిపోయి, మళ్లీ తొక్కగానే వస్తే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు అరిగి ఉండొచ్చు. నీది ముందు చక్రాలకు ఇంజన్ బలం వెళ్లే బండి కాబట్టి ఆ మాట చెప్తున్నాను. మీ బాబాయి బొలెరో అయితే వెనక చక్రాలకు బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడమనేవాణ్ని. వెనకాల ఎవరూ లేనప్పుడు రెండు సెకన్లు క్లచ్ తొక్కి కూడా చూడు. ఇంజన్ వేగం పడిపోయినా వణుకు అట్లాగే ఉంటే తప్పు ఇంజన్‌లో లేదు, చక్రాల వైపే ఉంది. ఏం జరిగినా తాళంచెవి మాత్రం తిప్పకు. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేకు కూడా గట్టిపడుతుంది.

బ్రేకు వేసినప్పుడే వణికితే ఆ దారి వేరు. ముందు చక్రాల డిస్కుల మందం అంతటా ఒకేలా లేనప్పుడు ప్యాడ్లు వాటిని పట్టుకుని వదులుతుంటాయి, ఆ అదురు స్టీరింగ్‌లోకి వస్తుంది. హైవే మీద నుంచి వచ్చీరాగానే బండిని వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చే అలవాటు నీకుంటే మానుకో. కాలుతున్న డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకరపోయే ప్రమాదముంది. మార్చాల్సి వస్తే రెండు వైపులా కలిపే మార్చాలి, ఒక్కటి వద్దు.

ఇప్పుడు బ్యాలెన్సింగ్ సంగతి. జొన్నచేలో పిట్టల్ని తోలే ఒడిసెల నీకు తెలుసు కదా. రాయి చిన్నదే అయినా తిప్పే కొద్దీ చేతిని ఎంత గుంజుతుందో, చక్రం అంచున ఎక్కువైన బరువు కూడా అట్లాగే గుంజుతుంది. స్పీడు రెండింతలైతే ఆ గుంజుడు నాలుగింతలవుతుంది. 15 అంగుళాల రిమ్ముకు 30 గ్రాములు ఒక పక్క ఎక్కువైతే, 100 కిలోమీటర్ల స్పీడులో అది దాదాపు నాలుగున్నర కిలోల బలంతో లాగుతుంది. అప్పటికి చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతూ ఉంటుంది. అందుకే ఊళ్లో 40లో తెలియనిది హైవే ఎక్కగానే బయటపడుతుంది.

ఆ 30 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయంటే, మన దగ్గర మొదట బురదే. నాట్లప్పుడు, కోతలప్పుడు ట్రాక్టర్లు పొలాల్లోంచి మోసుకొచ్చిన మట్టి రోడ్ల మీద పడి ఉంటుంది. నల్లరేగడి అయితే రిమ్ము లోపలి వైపు అతుక్కుని ఎండి రాయిలా అవుతుంది, బయటి నుంచి కనిపించదు. పోయినసారి ఊరికి వచ్చినప్పుడు చెరువు కట్ట కింది దారిలో వచ్చావు కదా, ముందు అది చూడు. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, చక్రం వెనక లైటు వేసి చూసి, కట్టెపుల్లతో గీకి కడుగు. రూపాయి ఖర్చు లేకుండా బాగైన బండ్లు నేను చాలా చూశాను. పంక్చర్ వేయించినప్పుడు టైరు విప్పి ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేయకుండా వదిలేశారేమో గుర్తు చేసుకో. పంక్చర్ పడకూడదని టైరులో లిక్విడ్ పోయించి ఉంటే అది కూడా బరువును ఒకచోట ఉండనివ్వదు.

టైర్ల మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా తడుము. లోపలి తీగలు తేలి ఉంటే గుచ్చుకుంటాయి, జాగ్రత్త. పక్కగోడ మీద ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తే, లేదా తొక్కే భాగం ఒకచోట లేచినట్టు ఉంటే ఆ టైరుతో హైవే ఎక్కనే వద్దు, స్టెప్నీ వేసుకో. లోపలి పొర తెగిందని దానర్థం, ఏ బ్యాలెన్సింగూ దాన్ని సరిచేయదు. టైరు వయసు కూడా చూడు. దాని మీద నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. నువ్వు కొన్నది సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి ఈ అంకెలు నాలుగు టైర్లకూ చూడాల్సిందే.

గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూపించు. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఎండాకాలం గాలి తగ్గించుకోవాలని మన దగ్గర చాలామంది చెప్తారు, ఆ మాట వినకు. గాలి తక్కువైన టైరు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. 44 డిగ్రీల నల్లగొండ ఎండలో ఆ తప్పు ప్రాణం మీదికి తెస్తుంది.

ఇవన్నీ చూశాక బ్యాలెన్సింగ్‌కు వెళ్లు. బండి అప్పగించి బయట కూర్చోకు, మిషన్ దగ్గరే నిలబడు. బరువు సరిచేయడానికి రిమ్ముకు అతికించిన పాత సీసం ముక్కలన్నీ తీయించి, రిమ్ము నడిమి రంధ్రం తుడిపించి అప్పుడు ఎక్కించమను. మిషన్ తేడా సున్నా అని చూపించాక చక్రాన్ని వదులు చేసి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి చూడమను. అప్పుడు కూడా సున్నాకు దగ్గరగా వస్తేనే అది మిషన్ మీద సరిగ్గా కూర్చున్నట్టు. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ. చక్రం తిరుగుతున్నప్పుడు రిమ్ము అంచును, టైరును పక్క నుంచి చూడు. కిందికీ మీదికీ ఎగురుతున్నా, అటూ ఇటూ ఊగుతున్నా రిమ్ము వంగింది, లేదా టైరు గుండ్రంగా లేదు. అట్లాంటి చక్రానికి ముక్కలు ఎన్ని అతికించినా వణుకు పోదు. ఒకే చక్రం 60, 70 గ్రాములు అడుగుతోందంటే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించి మళ్లీ చూడమను.

బ్యాలెన్సింగ్ తర్వాత కూడా తగ్గకపోతే ముందు రెండు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అదే రోడ్డు మీద నడుపు. వణుకు స్టీరింగ్ నుంచి సీటులోకి మారిందంటే తప్పు టైరులోనో రిమ్ములోనో ఉంది. మారకుండా స్టీరింగ్‌లోనే ఉంటేనే సస్పెన్షన్ మాట ఎత్తాలి. అప్పుడు బండిని మన షెడ్డుకు తీసుకురా. జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి చూద్దాం. చక్రాన్ని కిందా మీదా పట్టుకుని ఊపితే వదులు తెలిస్తే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటో, చక్రం బేరింగో అయి ఉంటుంది. పక్కల పట్టుకుని ఊపినప్పుడు తెలిస్తే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. బేరింగ్ అయితే నడుస్తున్నప్పుడు హూమని మోత కూడా వస్తుంది, మలుపులో ఆ మోత మారుతుంది. వదులైన సామాను ఏదో దాన్నే మారుద్దాం.

ఒక్క విషయంలో మాత్రం ఏ పరీక్షా వద్దు. వణుకు ఉన్నట్టుండి మొదలై నిమిష నిమిషానికీ పెరుగుతుంటే, లేదా టకటకమని చప్పుడు వస్తుంటే ఇండికేటర్ వేసి, మెల్లగా రోడ్డు దిగి ఆపు. వీల్ నట్లు వదులయ్యాయేమో ముందు అదే చూడాలి. ఇంత కొంచెం దూరమే కదా అని నార్కట్‌పల్లి దాకా లాగొద్దు. షాపులో చక్రాలు విప్పి బిగించిన ప్రతిసారీ నట్లు ఎదురెదురుగా బిగించారో లేదో చూసుకో. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక స్పానర్‌తో మళ్లీ ఒకసారి బిగించి చూడు. స్పానర్ మామూలుగా స్టెప్నీ దగ్గరే ఉంటుంది. చేతికి బలం చాలడం లేదనిపిస్తే తమ్ముడితో పట్టించు.

మీ పెద్దనాన్న