ఓల్మెక్, మాయా కాలం నాటి పూసలు కొనేముందు ఏం చూడాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. ఆన్‌లైన్ వేలంలో కనిపించిన ‘ఓల్మెక్ జేడ్ పూసల దండ’ (జేడ్ అంటే గట్టి పచ్చరాయి) అసలుదో కాదో ఎలా తెలుస్తుంది, అమెరికాలో కొంటే చట్టంతో చిక్కులుంటాయా అని. నేను వర్జీనియాలో ఉంటాను. ఓల్మెక్, మాయా అనే ప్రాచీన ప్రజలు బతికిన మెక్సికో, గ్వాటెమాల వైపు పాత రాతి పూసలు, గవ్వ పూసలు చాలా ఏళ్లుగా కొద్దికొద్దిగా సేకరిస్తున్నాను. నా పద్ధతి చెబుతాను. ముందు కాగితాలు చూస్తాను, తర్వాత బెజ్జం చూస్తాను, రంగూ నునుపూ ఆఖర్న చూస్తాను.

కాగితాలు ముందెందుకంటే, రాతి పూసకు సూటిగా వయసు తేల్చే పరీక్ష లేదు. ఏ సమాధిలో, ఏ మట్టి పొరలో, ఏ కుండల పక్కన దొరికిందో దాన్ని బట్టే కాలం తెలుస్తుంది. 1952లో మెక్సికోలోని పాత మాయా నగరం పాలెంకేలో అల్బెర్తో రుస్ అనే పురావస్తు పరిశోధకుడు మాయా రాజు పకాల్ సమాధి తెరిచినప్పుడు, నోట్లో ఒక జేడ్ పూస, ఒక చేతిలో జేడ్ ఘనం, మరో చేతిలో గుండ్రటి జేడ్ దొరికాయి. పకాల్ చనిపోయింది క్రీ.శ. 683లో. ఆ పూస ఉన్నచోటే దొరికింది కాబట్టి మనకు ఇంత తెలిసింది. దొంగతవ్వకాల్లో బయటపడి ఉంటే అది ఉత్త పచ్చరాయిగా చేతులు మారేది. అందుకే, కాగితం లేని దండ మీద ‘ఓల్మెక్’ అని రాసి ఉంటే ఆ మాటకు నేను విలువివ్వను.

చట్టం సంగతికొస్తే, మెక్సికో 1972 చట్టం ప్రకారం స్పానిష్‌వాళ్లు రాకముందు నాటి వస్తువులన్నీ ప్రభుత్వ ఆస్తి. మన భారతదేశంలో పురావస్తువుల చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. గ్వాటెమాలలోని పెతేన్ ప్రాంతపు వస్తువుల దిగుమతిపై అమెరికా 1991లో ఆంక్షలు పెట్టింది. 1997 ఒప్పందంతో వాటి పరిధి ఇంకా పెరిగింది. కాబట్టి ఆ తేదీలకు ముందే ఆ దేశం దాటినట్టు చూపే పాత రసీదు, ఉత్తరం, తేదీ ఉన్న ఫొటో అడగండి. ‘ఎవరో పెద్దాయన కలెక్షన్’ అన్న మాట సరిపోదు. నా దగ్గరున్న చిన్న దండతోపాటు 1960ల నాటి రసీదు వచ్చింది. ఆ రసీదు లేకపోతే కొనేదాన్నే కాదు.

ఇక బెజ్జం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. వాళ్లకు ఇనుప పనిముట్లు లేవు. రాతి మొన, వెదురు లాంటి బోలు కాడ, పక్షి ఎముక, వీటిలో ఏదో ఒకదాన్ని గట్టి ఇసుక, నీళ్లు వేస్తూ తిప్పేవారు. రాయిని అరగదీసేది నిజానికి ఇసుకే. ఒకవైపు నుంచి సగం దాకా, రెండోవైపు నుంచి సగం దాకా తొలిచేవారు. అందుకే బెజ్జం రెండు చివర్లా వెడల్పుగా, మధ్యలో సన్నగా ఉంటుంది. రెండు బెజ్జాలు కలిసిన చోట చిన్న మెట్టు కనబడుతుంది. భూతద్దం, సన్నని టార్చి ఉంటే చాలు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే కొలతతో గొట్టంలా ఉన్న బెజ్జం మెషిన్‌తో చేసిందని అనుమానించాలి. బోలు కాడతో తొలిస్తే కొంత తిన్నగా వస్తుంది కాబట్టి ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పలేం. బెజ్జం అంచు చూడండి. ఏళ్ల తరబడి దారం రాపిడికి అది మెత్తగా అరిగి ఉంటుంది. ఒక అమ్మకందారు బెజ్జం దగ్గరగా ఫొటో పంపమంటే పంపలేదు, మళ్లీ అడిగితే ధర తగ్గిస్తానన్నాడు. అక్కడితో వదిలేశాను.

ఆ ప్రాంతపు జేడైట్ (అక్కడి అసలు జేడ్ రాయి) అంతా గ్వాటెమాలలోని మోతాగువా నది లోయదే. చూడ్డానికి అలాగే ఉండే సర్పెంటైన్ అనే వేరే పచ్చరాయి నుంచి దాన్ని తూకంతో వేరు చేయొచ్చు. 10 గ్రాముల పూసను నీళ్లలో వేలాడదీసి తూచినప్పుడు సుమారు 3 గ్రాములు తగ్గితే జేడైట్ కావచ్చు, 4 గ్రాముల దాకా తగ్గితే సర్పెంటైన్ లాంటిదే. అయితే అదే లోయ రాయితో గ్వాటెమాలలోని ఆంతిగ్వా పట్టణంలో ఈనాటికీ కొత్త పూసలు చేస్తున్నారు. అసలు జేడ్ అని సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అది పాతదని కాదు.

ఆ రాళ్లకు అప్పట్లో ఎంత విలువంటే, 1520 జూన్ 30 రాత్రి స్పానిష్ సైన్యం అజ్టెక్ ప్రజల రాజధాని (ఇప్పటి మెక్సికో సిటీ) నుంచి పారిపోతున్నప్పుడు, చాలామంది బంగారం మూటలు మోయలేక కాలువల్లో మునిగిపోయారు. బెర్నాల్ దియాస్ అనే సైనికుడు మాత్రం నాలుగు పచ్చరాళ్లు తీసుకున్నాడు. తర్వాత వాటితోనే గాయాలకు మందు, కడుపుకు తిండి సంపాదించుకున్నానని రాసుకున్నాడు.

గవ్వ పూసల్లో ఎర్రగా, నారింజగా ఉండేవి ఎక్కువగా పసిఫిక్ తీరపు స్పాండిలస్ అనే ఒక రకం ఆల్చిప్పవి. ఫొటోలో పగడం అనిపిస్తాయి. మట్టిలో ఉన్నవాటి పైపొర సుద్దలా పొడిబారి, రంగు మచ్చలుగా వెలిసి ఉంటుంది. అన్నీ ఒకే ఎరుపులో మెరుస్తుంటే కొనకండి.

కొనేముందు ఒకసారి వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ మ్యూజియం చూడండి. అక్కడి ఓల్మెక్ జేడ్ చూశాక ఆన్‌లైన్ ఫొటోలను చూసే కన్నే మారుతుంది. పాత పూసలు కొంటే మాత్రం వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో కడగొద్దు, గవ్వ కరిగిపోతుంది. బెజ్జంలో మిగిలిన మట్టిని గీకెయ్యకండి. మెడలో వేసుకోవాలని ఉంటే ఆంతిగ్వా కొత్త జేడ్ కొనుక్కోండి, నేనూ అవే వేసుకుంటాను.