మా ఎంపీ ఓటు ఎటు వేశారో తెలిసేదెలా?

ప్రశ్న: 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో నెగ్గింది. అంత పెద్ద విషయంలో ఎవరు ఎటువైపు నిలబడ్డారో పేర్లతో లెక్క లేకపోవడం న్యాయమేనా? డబ్బు తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యుణ్ని కోర్టులో నిలబెట్టే వీలు ఇప్పుడైనా ఉందా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: ముందు డబ్బు సంగతి చెబుతాను. దానికి ఇప్పుడు స్పష్టమైన జవాబు ఉంది. 1993 జూలై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడ్డాయి. ప్రభుత్వాన్ని గట్టెక్కించడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు నలుగురు లంచం పుచ్చుకున్నారని తరువాత కేసు నమోదైంది. అది సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, సభలో వేసిన ఓటుపై కోర్టులో విచారణ జరపరాదన్న రాజ్యాంగ 105(2) అధికరణాన్ని ఆధారం చేసుకుని, 1998 ఏప్రిల్ 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3–2 మెజారిటీతో తీర్పు చెప్పింది. దాని ప్రకారం లంచం ఇచ్చినవారిని విచారించవచ్చు. తీసుకుని ఓటు వేసినవారికి మాత్రం రక్షణ ఉంటుంది. తీసుకుని కూడా ఓటు వేయనివారికి ఆ రక్షణ లేదు. అంటే బేరం ప్రకారం ఓటు వేసినవారు బయటపడ్డారు. సభ్యుడు నిర్భయంగా మాట్లాడాలని కల్పించిన హక్కు, ఓటు అమ్ముకున్నవారికి కవచమైంది. పాతికేళ్లకు పైగా ఇదే మన దేశ న్యాయంగా చెలామణి కావడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఇదే కేసులో 2000లో కింది కోర్టు పి.వి.ని దోషిగా తేల్చగా, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించిందని కూడా చెప్పడం న్యాయం.

2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యసభ ఎన్నికలో ఓటుకు లంచం తీసుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొన్న జార్ఖండ్ ఎమ్మెల్యే సీతా సోరెన్ కేసులో ఆ పాత తీర్పును ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. లంచం పుచ్చుకున్న క్షణంలోనే నేరం పూర్తవుతుందనీ, ఆ తరువాత ఓటు ఎటు వేశారన్నదానితో నిమిత్తం లేదనీ, శాసనసభ్యులు రాజ్యసభ ఎన్నికలో వేసే ఓటుకూ ఇదే వర్తిస్తుందనీ తేల్చింది. కనుక మీ రెండో ప్రశ్నకు జవాబు: వీలుంది.

ఇక మొదటి ప్రశ్న. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. లంచం ఎక్కడో అరుదుగా బయటపడుతుంది, మూజువాణి ఓటు మాత్రం సభలో నిత్యం జరిగే వ్యవహారం. ‘అవును’, ‘కాదు’ అన్న కేకలను విని స్పీకర్ తన అభిప్రాయం చెబుతారు. దాన్ని ఏ సభ్యుడైనా సవాలు చేస్తే డివిజన్ (ఓట్లను లెక్కించే) ప్రక్రియ మొదలై మూడున్నర నిమిషాల పాటు గంటలు మోగుతాయి, ఆ తరువాత ప్రశ్నను మళ్లీ సభ ముందు పెడతారు. అప్పుడు కూడా సవాలు చేస్తే సభ్యులు తమ తమ సీట్ల దగ్గరున్న మీటలు నొక్కి గానీ, చీటీల మీద గానీ ఓటు నమోదు చేస్తారు. అయితే డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్ భావిస్తే, సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించి సరిపెట్టవచ్చునని, అప్పుడు పేర్లు నమోదు చేయనక్కరలేదని లోక్‌సభ నియమాల్లోనే ఉంది. పౌరుడికి పనికివచ్చే సమాచారం అక్కడే జారిపోతోంది.

2014లో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయిన ఆ గందరగోళంలో, రెండు ప్రాంతాల ప్రజలూ తమ ఎంపీ ఓటును కాగితం మీద చూసుకునే అవకాశం కోల్పోయారు. విభజనను కోరినవారికీ వ్యతిరేకించినవారికీ ఈ నష్టం సమానమే. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులపై ప్రతిపక్షం డివిజన్ కోరినా, సభ్యులు తమ స్థానాల్లో లేరన్న కారణంతో వాటిని మూజువాణి ఓటుతోనే ఆమోదించారు. దీనికి భిన్నంగా 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుపై లోక్‌సభలో చీటీలతో ఓటింగ్ జరిగి, అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2 ఓట్లు పడ్డాయి. రాజ్యాంగ సవరణకు ప్రత్యేక మెజారిటీ అవసరం కనుక అక్కడ లెక్క తప్పనిసరి. సాధారణ బిల్లు అయినా రాష్ట్రాల సరిహద్దులను మార్చేదానికి ఇదే కట్టుబాటు ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: విప్ (ఇలా ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం) జారీ అయ్యాక ఎంపీ ఓటు పార్టీదే కదా. ఇక పేర్లు తెలిసి ప్రయోజనమేమిటి? (ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ)

జవాబు: 1985లో వచ్చిన రాజ్యాంగ పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, పార్టీ ఆదేశాన్ని ధిక్కరించి ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా సభ్యత్వానికి ముప్పే, పదిహేను రోజుల్లోగా పార్టీ క్షమిస్తే తప్ప. అయినా పేర్ల జాబితా వల్ల రెండు విషయాలు తెలుస్తాయి: ఆ రోజు మీ ఎంపీ సభలో ఉన్నారా లేదా, నియోజకవర్గంలో చెప్పిన మాటకూ సభలో నొక్కిన మీటకూ పొంతన ఉందా లేదా. విప్ ఉంటే ఆ సంగతే ఆయన మీకు చెప్పుకోవాలి. డివిజన్ జరిగితే లోక్‌సభ చర్చల అధికారిక ప్రతిలో అనుకూలురు, వ్యతిరేకుల పేర్లు అచ్చవుతాయి. మీ జిల్లాకు సంబంధించిన బిల్లు సభకు వచ్చే ముందే, దానిపై డివిజన్ అడగాలని మీ ఎంపీకి ఉత్తరం రాయండి; అడిగారో లేదో ఆ ప్రతిలోనే చూడవచ్చు.