ముసుగు కప్పితే రెబెకా కనిపించదు

ప్రశ్న: సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోయే బడిపిల్లల కోసం తెలుగులో చిన్న కరపత్రం రాస్తున్నాం. ‘ముసుగు కప్పిన రెబెకా పాలరాయి విగ్రహం’, ‘మెఫిస్టోఫిలిస్ జంట శిల్పం’, ‘ప్రతి గడియకూ గంట కొట్టే విగ్రహం గల గడియారం’ అని రాసుకున్నాం. విగ్రహం, శిల్పం, బొమ్మ – ఏది ఎక్కడ వాడాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, హైదరాబాద్

సమాధానం: మీ సందేహం విగ్రహం మీద. కానీ ముందు దిద్దవలసింది ‘ముసుగు కప్పిన’ అన్న మాట. తెలుగులో ముసుగు కప్పిన విగ్రహమంటే, కూడలిలో నిలబెట్టి, మంత్రిగారొచ్చి తాడు లాగేదాకా గుడ్డ చుట్టి ఉంచినది. మీ కరపత్రం చదివిన పిల్లలు ఆ గుడ్డ కోసం వెతుకుతారు. అక్కడ గుడ్డ లేదు. ముఖమూ, ముఖం మీది పలుచని తెరా, దాని ముడతలూ అన్నీ రాతిలో చెక్కినవే. ఇటలీ శిల్పి బెంజోనీ పనితనమంతా అందులోనే ఉంది. మొదటి సాలార్‌జంగ్ దాన్ని 1876లో రోమ్‌లో కొన్నారు.

పైగా ఒట్టి ‘ముసుగు’కు మన భాషలో అంత మంచి పేరు లేదు. ముసుగు దొంగ, ముసుగులో గుద్దులాట – ఈ వరసలో రెబెకాను నిలబెట్టడం అన్యాయం. ముఖం కనిపించీ కనిపించకుండా వేసుకునే పలుచని తెరకు ‘మేలిముసుగు’ అనే చక్కటి మాట ఉండనే ఉంది. మేలు అనే మాట సమాసంలో ‘మేలి’ అవుతుంది: మేలిజాతి, మేలిబంగారం. ‘మెలిముసుగు’ అని కొందరు రాస్తున్నారు. మెలి అంటే పురి, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక ఆ ముసుగు ఎవరో కప్పింది కాదు, ఆమె వేసుకున్నది. బైబిలు కథలోనూ అంతే: పెళ్లాడబోయే ఇస్సాకును చూసి ఆమే ముసుగు వేసుకుంటుంది. తెలుగు బైబిల్లో ఈమె పేరు రిబ్కా. పిల్లల్లో కొందరికి ఆ పేరే తెలిసి ఉంటుంది కాబట్టి దాన్నీ పక్కన రాయండి.

‘పాలరాయి విగ్రహం’లో మరో చిన్న పొరపాటు. రాయి మరో నామవాచకం ముందు చేరితే ‘రాతి’ అవుతుంది. నెయ్యి – నేతి, నుయ్యి – నూతి, చెయ్యి – చేతి లాగే. రాయిగోడ అనం, రాతిగోడ అంటాం. కనుక పాలరాతి శిల్పం.

శిల్పమే ఎందుకు? విగ్రహమనగానే గుర్తొచ్చేవి గుడి, కూడలి. గర్భగుడిలో పూజలందుకునేదీ విగ్రహమే, ట్యాంక్‌బండ్ మీది నన్నయ, పోతనలవీ విగ్రహాలే. రెండు చోట్లా అది ఎవరిది అన్నదే ముఖ్యం. చెక్కిందెవరని అడిగేవాళ్లు తక్కువ. శిల్పమంటే చూపు చెక్కిన చేతి మీదికి మళ్లుతుంది. సంస్కృతంలో శిల్పానికి పనితనమనే అర్థం. ‘కథాశిల్పం’ అంటున్నప్పుడు మనం ఆ అర్థంలోనే వాడుతున్నాం. అనుమానమొస్తే క్రియ చేర్చి చూడండి. విగ్రహాన్ని ప్రతిష్ఠిస్తాం, ఆవిష్కరిస్తాం. శిల్పి విగ్రహాన్నీ చెక్కుతాడు, నిజమే; శిల్పాన్ని మాత్రం ఎవరూ ప్రతిష్ఠించరు. గుడిలో విగ్రహంగా ఉన్న కంచు నటరాజే మ్యూజియం గాజుపెట్టెలో శిల్పమవుతాడు.

‘జంట శిల్పం’ అంటే పార్వతీపరమేశ్వరుల్లా పక్కపక్కన ఉన్న ఇద్దరు కళ్ల ముందుకొస్తారు. ఇది అలాంటిది కాదు. ఒకే సైకమోర్ దుంగకు ముందువైపు తలెత్తి నిలిచిన మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తల దించుకున్న మార్గరెట్టా. ఇద్దరూ జర్మన్ కవి గేథే నాటకం ‘ఫౌస్ట్’లోని పాత్రలు; మెఫిస్టోఫిలిస్ అందులో సైతాను. ఆమె కనబడేది వెనక పెట్టిన అద్దంలో. ‘ద్విముఖ శిల్పం’ కూడా కుదరదు. ఒకే మనిషికి రెండు ముఖాలనిపిస్తుంది. ‘ముందూవెనకా ఇద్దరున్న కొయ్యశిల్పం’ అనండి. కొంచెం పొడుగే, కానీ చదివిన పిల్లవాడు అద్దంలోకి తొంగిచూస్తాడు. ‘చెక్కశిల్పం’ వద్దు. చెక్క అంటే కోసిన పలక, ఇది దుంగ.

గడియారంలోంచి బయటికొచ్చి గంట కొట్టే ఆ చిన్న మనిషి నిస్సందేహంగా బొమ్మే. కదిలేదీ, ఆడించేదీ, ఆడుకునేదీ బొమ్మ. అది కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి గడియారమని కూడా రాయండి. వాయించే గంటకూ, 60 నిమిషాల గంటకూ మనకు ఒకటే మాట కాబట్టి ‘గంటగంటకూ గంట కొట్టే బొమ్మ’ అంటే వినడానికీ బాగుంటుంది. 12 గంటలకైతే 12 దెబ్బలు వినొచ్చు, కాస్త ముందే వెళ్లి కూర్చోమనండి. ‘ప్రతి గడియకూ’ అన్న మాట మాత్రం కొట్టేయండి. గడియ అంటే 24 నిమిషాలే. లెక్క తెలిసిన పిల్లవాడెవడైనా ఉంటే, మిగతా 36 నిమిషాలూ గడియారం చెడిపోయిందని మీతో వాదిస్తాడు.