టెక్ సందేహాలు: బొమ్మ దగ్గర మూగబోయే స్క్రీన్ రీడర్

ప్రశ్న: బెంగళూరులో ఓ డిగ్రీ కాలేజీలో బయాలజీ చెబుతాను. ఈ ఏడాది మా క్లాసులో చూపు లేని అమ్మాయి చేరింది. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్) పెట్టుకుని నోట్సు చకచకా వింటుంది. బొమ్మ వచ్చినప్పుడల్లా మాత్రం అది ‘గ్రాఫిక్’ అని ఊరుకుంటోందట. నేనేం చేయాలి?
– ఓ లెక్చరర్, మారతహళ్లి

జవాబు: లోపం మన ఫైల్లో ఉందండీ. బొమ్మ వెనక రాత లేకపోతే స్క్రీన్ రీడర్ ఏం చదువుతుంది? వర్డ్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్ట్ టెక్స్ట్’ ఎంచుకుంటే పక్కన చిన్న పెట్టె తెరుచుకుంటుంది. వివరణ అందులో రాయాలి. బొమ్మ లేఅవుట్‌ను ‘ఇన్ లైన్ విత్ టెక్స్ట్’లో పెట్టండి, లేదంటే చదివే వరుసలో అది తగలకుండా పోవచ్చు.

ఇక ఏం రాయాలన్నదే అసలు పని. ఎంజైమ్ మీద ఉష్ణోగ్రత ప్రభావం చూపే గ్రాఫే తీసుకోండి. ‘ఎంజైమ్ గ్రాఫ్’ అని రాస్తే ఆ అమ్మాయికి ఒరిగేదేమీ లేదు. ఇలా రాయొచ్చు: ‘ఎక్స్ అక్షంపై ఉష్ణోగ్రత, 0 నుంచి 60 డిగ్రీల సెల్సియస్. వై అక్షంపై చర్య వేగం. వేగం మెల్లగా పెరుగుతూ 40 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరింది. ఆ తర్వాత నిటారుగా పడిపోయి 60 దగ్గర దాదాపు సున్నా అయింది.’ వేడికి ప్రోటీన్ ఆకృతి చెడిపోవడం ఆ నిటారు వాలులోనే తెలుస్తుంది. గీత రంగు చెప్పకపోయినా నష్టం లేదు, వాలు మాత్రం వదలొద్దు. కింద అంకెల పట్టిక కూడా ఇస్తే ఆమె తనకు తానే పోల్చి చూసుకోగలదు. పరీక్ష పేపర్లో అయితే అంకెలు మాత్రం ఇచ్చి, వాటి అర్థం ఆమెకే వదిలేయండి.

ఏఐతో రాయించొచ్చా అంటే, చిత్తుప్రతి వరకు సరే. అక్షాల మీది అంకెల్ని అది ధీమాగా తప్పు చదవగలదు. ఆ తప్పును పట్టుకునే అవకాశం చూపు లేని విద్యార్థికి ఉండదు. కాబట్టి ప్రతి అంకె మీరే సరిచూడాలి.

మంచి నమూనాలు కావాలంటే 2022 జులైలో విడుదలైన జేమ్స్ వెబ్ టెలిస్కోపు తొలి చిత్రాలకు ఇచ్చిన వివరణలు చదవండి. ఏది ఎక్కడుందో, ఏది ప్రకాశవంతమో వరుసగా చెబుతాయి.

కణ నిర్మాణం లాంటి బొమ్మలకు మాటలు చాలవు, వేలికి తగలాలి. స్వెల్ పేపర్ అనే ప్రత్యేక కాగితం మీద నల్లగా ప్రింట్ తీసి హీటర్ మెషీన్‌లో పెడితే గీతలు ఉబ్బుతాయి. అది దొరికేలోపు చార్టు మీద ఉన్నిదారం ఫెవికాల్‌తో అంటించినా పాఠం సాగుతుంది.

సమీకరణాలను ఫొటోగా అతికించకుండా వర్డ్‌లోని ‘ఈక్వేషన్’తోనే టైప్ చేయండి. పీడీఎఫ్ కావాలంటే ‘సేవ్ యాజ్’ వాడండి. ‘ప్రింట్ టు పీడీఎఫ్’ చేస్తే స్క్రీన్ రీడర్‌కు దారి చూపే ట్యాగులు పోతాయి. స్కాన్ చేసిన పేజీలైతే అసలే వద్దు. పంపేముందు మీ కంప్యూటర్లోనూ ఎన్‌వీడీఏ వేసుకుని, స్క్రీన్ ఆపేసి ఒకసారి వినండి. అది ఉచితమే.