కొత్త రౌటర్‌కు పాత పేరే పెట్టండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లె. ఈమధ్య పిడుగు పడినప్పుడు మా ఇంట్లో రౌటర్ కాలిపోయింది. అమలాపురం వెళ్లి కొత్తది కొని తెచ్చుకున్నాం. ఫోన్లు, టీవీ, ప్రింటర్, కొబ్బరితోట వైపు పెట్టిన కెమెరా, వరండా దీపానికి అమర్చిన స్మార్ట్ ప్లగ్ అన్నీ పాత రౌటర్‌తోనే నడిచేవి. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్లీ కలుపుకోవలసిందేనా? మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్‌లో చెబుతున్నాడు గానీ నాకు ధైర్యం చాలడం లేదు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు

జవాబు: టీచరు గారూ, ముందుగా కాలిపోయినది ఏ పెట్టో చూసుకోండి. కొన్ని ఇళ్లలో ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె, వైఫై ఇచ్చే రౌటర్ వేరువేరుగా ఉంటాయి. కొన్ని ఇళ్లలో రెండు పనులూ ఒకే పెట్టె చేస్తుంది. ఫైబర్ తీగ నేరుగా గుచ్చుకునే పెట్టె కాలిపోయి ఉంటే, దుకాణంలో కొన్న రౌటర్ దాని స్థానంలో పనిచేయదు. ఆ పెట్టె క్రమసంఖ్యను కనెక్షన్ ఇచ్చినవారు తమ వైపు నమోదు చేసుకుంటేనే లైను పలుకుతుంది కనుక, అది వారే మార్చవలసిన వస్తువు. దాని మీద ‘లాస్’ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో సంకేతమే రావడం లేదని అర్థం. అప్పుడు మీరు రౌటర్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా ఉపయోగం ఉండదు.

కాలినది వైఫై రౌటర్ మాత్రమే అయితే, ఫైబర్ పెట్టె నుంచి వచ్చే నెట్‌వర్క్ కేబుల్‌ను కొత్త రౌటర్‌లో ‘వ్యాన్’ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టండి. చాలా కనెక్షన్లకు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తేగాని నెట్ రాదు. ఇవి వైఫై పాస్‌వర్డ్‌కు సంబంధం లేనివి. మీ కేబుల్ ఆపరేటర్‌ను అడిగి తీసుకొని ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. అవి సరిగా ఇచ్చినా నెట్ రాకపోతే, ఆపరేటర్ దగ్గర పాత రౌటర్ మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ తయారీదారు ఇచ్చే గుర్తింపు సంఖ్య) నమోదై ఉండవచ్చు. కొత్త రౌటర్ అడుగున ముద్రించిన మ్యాక్ అడ్రస్ చదివి చెబితే వారు మార్చేస్తారు.

ఇక మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. ఒక్కొక్క పరికరాన్నీ మళ్లీ కలుపుకోవలసిన అవసరం చాలా మటుకు ఉండదు. మీ టీవీకి గాని, కెమెరాకు గాని రౌటర్ ఏ కంపెనీదో పట్టింపు లేదు. వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, భద్రతా విధానం, ఈ మూడే వాటికి గుర్తు. కొత్త రౌటర్‌కు పాత పేరునే, పాత పాస్‌వర్డ్‌నే ఇస్తే అవి వాటంతట అవే వచ్చి కలుస్తాయి. అయితే ఇంగ్లీషు పెద్ద అక్షరం, చిన్న అక్షరం, మధ్యలో ఖాళీ, చుక్క కూడా ఏ మాత్రం తేడా లేకుండా ఉండాలి. పాత పాస్‌వర్డ్ గుర్తు లేకపోయినా కంగారు పడవద్దు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి, భద్రపరచిన నెట్‌వర్కుల జాబితాలో మీ ఇంటి పేరు నొక్కి ‘షేర్’ అంటే క్యూఆర్ కోడ్ వస్తుంది; చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుంది. అందుకే పని పూర్తయ్యేదాకా ఫోన్‌లోంచి పాత నెట్‌వర్క్‌ను తొలగించకండి.

భద్రతా విధానం దగ్గర చాలామంది ఆగిపోతారు. కొత్త రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త విధానం ఒక్కటే ఎంచుకుంటే పాత ప్రింటర్లు, కెమెరాలు కలవలేవు. దానికి ముందటి డబ్ల్యూపీఏ2 గాని, రెండూ కలిసిన విధానం గాని పెట్టండి. అలాగే రౌటర్ వైఫైని 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల తరంగాల మీద ఇస్తుంది. స్మార్ట్ ప్లగ్గులు, చవక కెమెరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి, 5 గిగాహెర్ట్జ్ వాటికి కనిపించదు. అన్నీ సరిగా ఉన్నా స్మార్ట్ ప్లగ్ కలవకపోతే, రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌ను కాసేపు ఆపి, ప్లగ్ మీటను దీపం మినుకుమినుకుమనే వరకు నొక్కి పట్టుకొని, దాని యాప్‌లో మళ్లీ చేర్చండి. తర్వాత 5 గిగాహెర్ట్జ్‌ను తిరిగి వేసుకోవచ్చు. తోట వైపు కెమెరాకూ 2.4 మేలు, ఎందుకంటే అది గోడలను దాటి దూరం పోతుంది. మన వైపు పాత మండువా ఇళ్ల మందపాటి గోడల మధ్య 5 గిగాహెర్ట్జ్ రెండో గదికే నీరసించిపోతుంది.

పాత పాస్‌వర్డే ఉంచమని అందరికీ చెప్పను. వీధిలో పిల్లలందరికీ అది తెలిసిపోయి ఉంటే, శ్రమ అనుకోకుండా ఇప్పుడే మార్చండి. ఇంట్లో కెమెరా ఉన్నప్పుడు ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. పండుగకు వచ్చే చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి, దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మాత్రం ఏ ఇంట్లోనైనా మొదటి రోజే మార్చి తీరాలి.

ఉరుములు మొదలైనప్పుడు రౌటర్, ఫైబర్ పెట్టె రెండింటి అడాప్టర్లనూ ప్లగ్గులోంచి తీసేయండి. ఫైబర్‌లో ఉన్నది గాజు కాబట్టి దాని గుండా కరెంటు రాదు. ప్రమాదం కరెంటు లైను నుంచి, ఇంటి బయట తిరిగే రాగి నెట్‌వర్క్ కేబుళ్ల నుంచి వస్తుంది.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువు ఉంది. షెడ్డులో రౌటర్ మార్చాక ఫోన్లకు నెట్ బాగానే వస్తోంది, చెరువు కెమెరాల దృశ్యాలు భద్రపరచే రికార్డర్ పెట్టె మాత్రం యాప్‌లో కనిపించడం లేదు. దానికి వైఫై లేదు, కేబుల్‌తోనే రౌటర్‌కు కలిపాం.
– ఒక రొయ్యల రైతు

జవాబు: రికార్డర్ అమర్చినవారు దానికి మారని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే చిరునామా అంకె) ఇచ్చి ఉంటారని నా అనుమానం. పాత రౌటర్ అడ్రస్ 192.168.1.1 అయి, కొత్తదానిది 192.168.0.1 అయితే, రికార్డర్ ఇంకా పాత దారిలోనే నెట్ కోసం వెతుకుతూ ఉంటుంది. రికార్డర్‌కు మానిటర్ తగిలించి, నెట్‌వర్క్ సెట్టింగుల్లో గేట్‌వే అంకె, అంటే అది రౌటర్ అనుకుంటున్న అడ్రస్, చూడండి. కొత్త రౌటర్ లాన్ అడ్రస్‌ను (లోపలి నెట్‌వర్క్‌లో రౌటర్ సొంత అడ్రస్) ఆ అంకెకే మార్చడం అన్నిటికన్నా సులువు. రికార్డర్‌ను, కెమెరాలను ముట్టుకోనక్కరలేదు. అలా కుదరకపోతే రికార్డర్‌లో డీహెచ్‌సీపీ (రౌటరే అడ్రస్ ఇచ్చే పద్ధతి) వేసి, అది తీసుకున్న అడ్రస్‌ను రౌటర్‌లో దానికే కేటాయించండి. రాత్రి చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగాయో లేదో కెమెరాలో చూసుకునేవారు, రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ సరిపడే చిన్న యూపీఎస్ తప్పక పెట్టుకోవాలి. కెమెరాలకూ రికార్డర్‌కూ ఇన్వర్టర్ ఉండాలి. యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టు, ఆంపియర్ అంకెలు చూసి సరిపోయేది తీసుకోండి.

ప్రశ్న: పాత రౌటర్ ఇంకా పనిచేస్తోంది. పాలకొల్లులో మా పిన్నికి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: అది కనెక్షన్‌తో పాటు ఇచ్చినది అయితే కంపెనీకే తిరిగి ఇవ్వవలసి ఉంటుంది, ముందుగా అడగండి. మీ సొంతమైతే నిక్షేపంగా ఇవ్వవచ్చు. ఇచ్చేముందు, కరెంటు ఆన్‌లో ఉండగా, వెనుక ఉన్న సన్నని రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి దీపాలన్నీ ఒకసారి ఆరి వెలిగేదాకా నొక్కి ఉంచండి. సాధారణంగా 10 సెకన్లు చాలు. మీ వైఫై పాస్‌వర్డ్, ఆపరేటర్ ఇచ్చిన యూజర్ నేమ్ దానితో చెరిగిపోతాయి. అడాప్టర్ కూడా దానిదే ఇవ్వండి, వేరేది తగిలిస్తే రౌటర్ పాడైపోవచ్చు.